ఓరుగంటి సీమలో పనిముట్ల జీర్ణోద్ధరణము

శిథిలమైన గుడిని మఱల నిలిపినవారును, గండిపడిన చెఱువుకట్టను పూడ్పించినవారును మన దేశమున శాసనములకెక్కిరి. సప్తసంతానములలో దేవాలయమును తటాకమును గణింపఁబడుటయే కాక, క్రొత్తది కట్టించుటకంటె జీర్ణమైనదాని నుద్ధరించుట యధిక పుణ్యప్రదమను భావము ప్రజలలో నాటుకొని యున్నది. 2015వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము కాకతీయుల పేర చెఱువుల పునరుద్ధరణమును చేపట్టినపుడు ఆ పాత భావమే క్రొత్త రూపమున గోచరించినది. అయితే ఆ కట్టను త్రవ్విన పాఱకు కామ మార్చినవాఁడును, ఆ గుడిఱాతిని చెక్కిన యులికి పదను పెట్టినవాఁడును చరిత్రకారుల దృష్టికి వచ్చుట యరుదు. పనిముట్టు చరిత్ర మనఁగా అది యెప్పుడు పుట్టినది, యెవరు చేసిరి యను విచారముతోనే ముగియుచున్నది. కాని రైతు యింటి గొడ్డలి యొకసారి పుట్టి యొకసారి చచ్చునది కాదు. ఏఁటేఁట కొలిమికిఁ బోయి వచ్చుచు తండ్రినుండి కొడుకునకు సంక్రమించునది. ఈ రాకపోకల చరిత్రమును ఓరుగంటి సీమ నాధారముగాఁ గొని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

వరంగల్లు మహానగరములో నంతర్భాగమైన ఎనుమాముల యిప్పుడు తన వ్యవసాయ విపణివలన దూరదేశములవారికిఁగూడఁ దెలిసిన పేరు. మిర్చి, ప్రత్తి, పసుపు, మొక్కజొన్న మొదలగు సరకులు ఋతువు ననుసరించి యచ్చటికి వచ్చును. ఆసియాఖండమున రెండవ పెద్ద విపణి యని దానికి వాడుకలో నొక ప్రసిద్ధి కలదు. ఆ ప్రసిద్ధి లెక్కకు నిలుచునో లేదో వర్తకశాస్త్రజ్ఞులు చూచుకొందురు గాక. ఇచ్చట కావలసినది వేఱు. ఆ యావరణమునకు వచ్చు ప్రతి బస్తా వెనుకను ఒక తొలికయో, ఒక కొడవలియో, ఒక గుంటక పాసయో యున్నది. చేనిలో దుక్కి ట్రాక్టరు వశమైనను, కలుపుతీఁతయు ప్రత్తికట్టె నఱకుటయు చేతి పనిముట్టును ఇంకను విడువలేదు. ఆ పనిముట్టు నాలుగు తరముల క్రిందట నెట్లు బ్రదికినది, ఇప్పుడెట్లు బ్రదుకుచున్నది యనునదే ప్రశ్న.

ముందుగాఁ బాత పనిముట్టు యొక్క నిర్మాణమును దెలిసికొనవలయును. పాతకాలపు గొడ్డలి యాద్యంతమును ఉక్కు కాదు. దాని మేను మెత్తని యినుము. అంచున మాత్రము వ్రేలెడు వెడల్పున ఉక్కు. కమ్మరి మెత్తని యినుమును కాల్చి, వాయి చీల్చి, ఆ చీలికలో ఉక్కుతునుకను మేకువలె దిగవైచి, యిసుక చల్లి, నిప్పురవ్వలు రాలునంతటి వేఁడిని దెచ్చి సమ్మెటతో నేకము చేయును. ఇసుక కరఁగి యినుముమీఁది చిట్టెమును తొలఁగించును. నేఁడు కొందఱు దానికి వెలిగారమును వాడుదురు. ఉలి, బాడిస, కొడవలి, గడ్డపాఱ మొన యివియు ఆ పద్ధతినే చేయఁబడినవి. ఇట్లు చేయుటకు రెండు కారణములు. మెత్తని యినుము దెబ్బనోర్చును గాని పదను నిలుపదు. ఉక్కు పదను నిలుపును గాని దెబ్బకు విఱుగును. రెండింటిని గూర్చినచో ఒకదాని లోపమును మఱొకటి కప్పును. రెండవ కారణము వెల. ఉక్కు ప్రియము, ఇనుము చౌక. కావున ఉక్కును అవసరమైనంతమేరకే వాడిరి. జపాను వడ్రంగులు నేఁటికిని వాడు ఉలులు ఈ విధముననే రెండు పొరలుగా నుండును. యూరపుఖండమునఁ గూడ ఉక్కు చౌకయగువఱకు గొడ్డళ్లకు వాయి వేయించుకొను నాచారముండెను.

ఈ నిర్మాణములోనే బాగుచేయుటకు వలసిన యవకాశ మిమిడియున్నది. అఱిగిపోవునది అంచు. అంచు అఱిగినపుడు మేనిని పాఱవేయ నక్కఱలేదు. పాత ఉక్కును తీసి క్రొత్త ఉక్కును వేసినచో గొడ్డలి మఱల గొడ్డలియే. చేయువాఁడు దానిని మొదటనే బాగుచేయఁబడుటకై చేసినాఁడనుట యతిశయోక్తి కాదు. కామ విఱిగినచో వడ్రంగి చేయి చేసికొనును. వాయి పోయినచో కమ్మరి చేయి చేసికొనును. అట్టి గొడ్డలి ‘అదియే’ యగునా, కాదా యని తార్కికులు ప్రశ్నింపవచ్చును. దీపశిఖను చూచి ‘అదియే యిది’ యని తలఁచుట భ్రాంతియని వారి సిద్ధాంతము. రైతుకు మాత్రము అది తాతనాఁటి గొడ్డలియే.

ఈ ఉక్కు ఎచ్చటిది? గోదావరికి దక్షిణమున నున్న ఉత్తర తెలంగాణము ఇనుపఱాతికిని ఉక్కునకును పూర్వమునుండి ప్రసిద్ధము. 1666-67లో గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి బాటసారి తెవెనో, ఇందల్వాయి ప్రాంతమున కత్తులును బాకులును ఈటెలును తయారై దేశమంతట నమ్ముడుపోవుచున్నవని వ్రాసెను. పదునేడవ శతాబ్దిలోనే డచ్చివారు గోదావరీ కృష్ణా ముఖద్వారములనుండి ఇనుమును ఉక్కును బటావియాకు ఎగుమతి చేయుచుండిరి. త్రికోణమితి సర్వేలో వైద్యుఁడుగను భూగర్భశాస్త్రజ్ఞుఁడుగను నుండిన హెన్రీ వాయ్సీ, నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో మూసలలో ఉక్కు తీయు విధమును కన్నులార చూచి వర్ణించెను. ఆయన 1824లో మృతినొందఁగా నా వర్ణన 1832లో బంగాళా ఆసియాటిక్ సంఘపు పత్రికలోఁ బ్రకటింపఁబడెను. రెండు వేర్వేఱు తావుల యినుమును, ఒకదానిని మూఁడుపాళ్లు, మఱొకదానిని రెండుపాళ్లు కలిపి, మూసలో నుంచి మూఁతవేసి కరఁగించుచుండిరని యందుఁ గలదు. ఇస్పహానునుండి వచ్చిన వర్తకుఁ డొకఁడు అచ్చట నుండి స్వయముగా ఉక్కును కొనుచుండెననియు, పారసీకమున దీనిని చేయఁజూచి విఫలులైరనియు ఆయన చెప్పెను. ‘ఉక్కు’ అను మన మాటయే సీమలో ‘వూట్జ్’ అను వింత రూపమును దాల్చినది. 1795లో పియర్సనును, 1805లో ముషెట్టును, 1819లో మైకేలు ఫారడేయును దానిని పరీక్షించిరి. లండనులోని కత్తులవాఁడు స్టోడార్టు దానితో శస్త్రచికిత్సా పరికరములను జేసెను. 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును బెంగుళూరు జాతీయ ఉన్నత విద్యా సంస్థవారును గలసి ఉత్తర తెలంగాణమున నడచి తిరిగి, చిట్టెపు దిబ్బలను మూసపెంకులను పెక్కుచోట్ల గుర్తించిరి.

ఇంతవఱకును తెలిసిన కథయే. అయితే యిందొక చిక్కు కలదు. కోనసముద్రపు ఉక్కు కత్తులుగా మాఱి పారసీకమున కేఁగినది. హైదరాబాదులోని సాలార్జంగు వస్తుప్రదర్శనశాలలో నిలిచినది. కాని యదే సీమలో దున్ని కోసి నఱకినవారి పనిముట్లెచ్చట? మహాశిలా సమాధులలో గొడ్డళ్లును కొడవళ్లును ఉలులును లభించుచున్నవి. శాతవాహనుల కాలపు పెద్దబంకూరు త్రవ్వకములలో ఇనుప పనిముట్లును కమ్మరిపని జాడలును బయల్పడినవి. తరువాతి కాలములఁగూర్చి వెదకినచో రాజుల ఆయుధములు దొరకినట్లు రైతుల పనిముట్లు దొరకవు. ఇందుకు హేతువు దుర్భరమైనదేమియుఁ గాదు. సమాధిలోని గొడ్డలి కొలిమికి మఱల రాలేదు కనుక మిగిలినది. రాజుగారి కత్తి గోడకు వ్రేలాడినది కనుక మిగిలినది. రైతు గొడ్డలి మాత్రము పనికి పోయినది, అఱిగినది, కొలిమికి వచ్చినది, మఱల పనికి పోయినది. ఉక్కు వేయుటకుఁ గూడ పనికిరానంత కుఱుచయైనపుడు ఉలిగనో, ఉలికిని చాలనపుడు మేకుగనో మాఱినది. చిట్టచివరకు చిట్టెమై బూడిదలోఁ గలిసినది. నిలువక పోవుటయే అది బాగుగా పోషింపఁబడినదనుటకు సాక్ష్యము.

తాళపత్ర గ్రంథములను సేకరించువారికి ఈ స్థితి క్రొత్తది కాదు. పాత తాటాకు శిథిలమైనపుడు వ్రాయసకాఁడు క్రొత్త యాకులపై దానిని ప్రతిచేయును. పాతది ఏటిలోఁ గలియును. గ్రంథము నిలుచును, ఆకు నిలువదు. నన్నయ నాఁటి తాటాకు దొరకదు కాని నన్నయ దొరకుచున్నాఁడు. పనిముట్టు విషయమునఁగూడ నిలిచినది లోహము కాదు, ఆకారమును దానిని నిలుపు విద్యయును. లేఖక ప్రమాదములవంటివి కమ్మరికిని గలవు. తండ్రి చేసిన వంపు కొడుకు చేతిలో కొంచెము మాఱును. ఊరూరికి కొడవలి వంపులో భేదము వచ్చుట కొంతవఱకిందువలననే. పాఠాంతరములను గుర్తించు పండితునకు ఇందు చేయఁదగిన పని చాలఁగలదు.

ఆ విద్య యేమి? కొలిమిలో జరుగు పనిని వివరించుట అవసరము. మొద్దువాఱిన కొడవలికి కక్కులు వేయుట తేలికపని. నాగటి కఱ్ఱు మొద్దువాఱినచో దానిని కాల్చి మొనను సాగఁగొట్టవలయును. దుక్కుల కాలమునఁ దెల్లవాఱకముందే కమ్మరి కొలిమి చుట్టును కఱ్ఱులు పట్టుకొని రైతులు కూర్చుండుట తెలంగాణమునఁ బెద్దల కెఱుకయైన దృశ్యము. బండి చక్రపు పట్టా సడలినపుడు దానిని కోసి యతికి, కాల్చి, వేఁడి మీఁద తొడిగి నీళ్లు చల్లుట యింకొక పని. వీనన్నిటికంటె సూక్ష్మమైనది పదను పెట్టుట. ఉక్కును ఎఱ్ఱగాఁ గాల్చి నీట ముంచినచో నది గాజువలె గట్టిపడి విఱిగిపోవును. కావున మఱల కొంచెము వేఁడి చూపి ఆ పెళుసుతనమును విఱువవలయును. ఎంత వేఁడి యనునది ఉక్కుమీఁద తేలు రంగును బట్టి కమ్మరి తెలిసికొనును. మొదట ఎండుగడ్డి రంగు వచ్చును. ఇది సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు. తరువాత వంగపండు రంగు. పిమ్మట సుమారు 300 డిగ్రీలకు నీలిరంగు. ఱాతియులికి గడ్డిరంగుననే యాపవలయును. గొడ్డలికి వంగపండు రంగు. నీలిరంగు దాఁటినచో అంచు మెత్తనగును. ఉష్ణమాపకము లేని పాకలో, ఎండ తగులని మూలన, కన్నార్పునంతలో చేయవలసిన నిర్ణయ మిది. కొలిమి పాక చీఁకటిగా నుండుట పేదఱికము వలననే యని చూచువారు తలఁతురు. నిప్పు రంగును సరిగా పోల్చుకొనుటకు చీఁకటి కావలయును.

మూస ఉక్కు విషయమున నింకొక కష్టము కలదు. దానిలో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. అట్టిదానిని మామూలు ఇనుమువలె తెల్లవేఁడికిఁ గాల్చి కొట్టినచో సమ్మెటక్రింద పొడియగును. తక్కువ వేఁడిమీఁద, ఓపికతో, చిన్న దెబ్బలతో సాగఁదీయవలెను. పంతొమ్మిదవ శతాబ్ది మొదట ఆంగ్ల కమ్మరులకు దీనితో పని కష్టమైన హేతువిదియే. దీనినిబట్టి యూహింపఁదగిన దేమనఁగా, పాత పనిముట్టు మంచిదైనకొలఁది దానిని బాగుచేయువానికి విద్య యెక్కువ కావలయును. తెలియనివాని చేతఁ బడిన మంచి ఉక్కు చెడ్డ ఉక్కుకంటె ముందు నాశమగును. గ్రామములలోని వాయులన్నియు మూస ఉక్కేయని చెప్పుట మాత్రము సాహసము. ఎగుమతికిఁ బోవునంతటి వెలగల వస్తువు ప్రతి కొడవలికి దొరకియుండదు. మామూలు కొలిమిలోనే కొంత గట్టిగా వచ్చిన యినుమును ఏరి వాయికి వాడియుందురు. దేశాభిమానముచేత ప్రతి తుప్పుముక్కను కోనసముద్రమునకు ముడిపెట్టుట చరిత్రకు మేలు కాదు.

ఉలి సంగతి వేఱుగాఁ జెప్పఁదగినది, ఏలయన ఓరుగల్లు ఱాతిపట్టణము. హనుమకొండలోని వేయిస్తంభముల గుడి 1163 నాఁటిది. రేచర్ల రుద్రుఁడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి 1213 నాఁటిది. అది 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపఁబడినది. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము 2006లో విప్పఁబడి, బహుకాలము ఱాళ్ల గుట్టగా నుండి, 2024లో మఱల నిలిచినది. వీనిని జూచువారు శిల్పి చేతిని కొనియాడుదురు. అది న్యాయమే. కాని ఈ ప్రాంతపు నల్లఱాతిమీఁదను, స్ఫటికము గలసిన కరకు ఱాతిమీఁదను ఉలి యొక్క పూఁటకూడ నిలువదు. ఒక్కొక్క శిల్పి కొన్ని యులులను మార్చి మార్చి వాడుచు, మొద్దువాఱినవానిని కొలిమికిఁ బంపవలయును. శిల్పులు పనిచేయుచోట కమ్మరి లేనిదే పని యాగును. కావున రామప్పగుడి మదనికల మీఁది సన్నని నగిషీని చూచినపుడు, ఆ గుడి ప్రక్కనెచ్చటనో రేయింబవళ్లు మండిన యొక కొలిమిని గూడ నూహించుకొనవలయును. దానికి శాసనము లేదు. ఱాతిమీఁది ఉలిగంటు పదునుగా నుండుటయే దాని శాసనము.

ఇఁక నీ పనికి ప్రతిఫలమెట్టిదో చూడవలయును. పాత గ్రామవ్యవస్థలో కమ్మరియు వడ్రంగియు ఆయగాండ్రు. నిజాం రాజ్యమున బలూతాదారులనియు వ్యవహారము. ప్రతి కఱ్ఱుకును, ప్రతి కక్కుకును వేఱుగాఁ గూలి లేదు. కళ్లమునఁ బంట నూర్చినపుడు నాగలి లెక్కను ఇంత ధాన్యమని కొలిచి యిచ్చెడివారు. ఈ పద్ధతికిని బాగుచేయు నాచారమునకును గల సంబంధమును మన యార్థిక చరిత్రకారులు తగినంత గమనింపలేదు. ఏఁటి కొకసారి ధాన్యము ముట్టు కమ్మరికి ఆ యేఁడంతయు ఆ యూరి పనిముట్లు బాగుగానుండుటయే లాభము. గట్టి ఉక్కు వేసినచో మఱల మఱల రారు, పని తగ్గును. క్రొత్తది చేసి యమ్మినవానికైతే పాతది త్వరగా చెడుటయే లాభము. ప్రతిఫలము పనిముట్టుకుఁ గాక దాని యారోగ్యమునకు ముట్టినదన్నమాట. పల్లెలలో పనిముట్లు చిరకాలము నిలుచుటకు రైతు పొదుపరితనమే కారణమని చెప్పుటకంటె ఈ కొలత పద్ధతి కారణమని చెప్పుట యుక్తము.

అట్లని ఆ కాలము స్వర్ణయుగమని భ్రమింపరాదు. తెలంగాణమున దేశముఖుల గడీలకును, గ్రామాధికారులకును చేయవలసిన వెట్టి కమ్మరిని వదలలేదు. దొర వ్యవసాయమునకు వలయు కఱ్ఱులును గొడ్డళ్లును ముందుగాఁ జేసి యిచ్చిన పిదపనే తక్కినవారి పని. దానికి కొలత లేదు, అడుగుట లేదు. 1930లో జోగిపేటలో మొదలైన నిజామాంధ్ర మహాసభ యీ వెట్టిచాకిరిని ఖండించుచు వచ్చినది. ఆయము పోయినందులకు చింతించువారు దానితోఁ బాటు వెట్టియుఁ బోయినందులకు సంతోషింపవలయును. కమ్మరి కుమారుఁడు సమ్మెట విడిచి పట్టణమునకు పోవుటలో అన్నము కొఱకే కాక గౌరవము కొఱకును జరిగిన పోక కొంత కలదు.

మార్పు రైలుబాటన వచ్చినది. వాడినుండి సికిందరాబాదుకు 1874లో వచ్చిన రైలు 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. అంతకు మునుపే, 1856లో బెస్సెమరు కనుగొనిన పద్ధతిచేత సీమలో ఉక్కు ఇనుమంత చౌక కాఁజొచ్చినది. ఈ రెంటి కలయిక ఉత్తర తెలంగాణపు ఇనుప కొలుములను ఆర్పినది. ఇనుపకడ్డీ అంగడిలో దొరకునపుడు ఱాయి ఏరి, బొగ్గు కాల్చి, ఇనుము తీయువాఁ డెవఁడు? అడవులపై సర్కారు కట్టుబాట్లు హెచ్చుటచే బొగ్గును ప్రియమైనది. 1889 మొదలు ఇల్లెందునుండి ఱాతిబొగ్గు వెలువడినను అది కఱ్ఱబొగ్గునకు సాటి కాదు, అందలి గంధకము ఉక్కును చెఱచును. 1912లో జంషెడ్‌పురమున ఉక్కు తీయుట ఆరంభమైనపిమ్మట స్వదేశపు ఉక్కే యంగళ్లకు రాసాగెను. పాఱలును గడ్డపాఱలును యంత్రములమీఁద నొక్క తీరుగాఁ దయారై వచ్చినవి.

అంగడి పాఱ చెడ్డదని చెప్పుట యన్యాయము. అది తేలిక, సమము, చౌక. దాని దోషము వేఱు. అది యంతయు నొకే లోహము. అంచు అఱిగినచో మేను గూడ అంచుతోడనే ముదిమిఁ జెందును. వాయి వేయుటకు మెత్తని మేను లేదు. వేయఁగూడదనియుఁ గాదు, వేయుటకగు కూలి క్రొత్తదాని వెలకు సమీపించును. దానికితోడు ఆయము పోయి రొక్కపుకూలి వచ్చినది. ఉక్కు వేయు పని నగదు లెక్కలో ఓడిపోయినది. ఎవ్వరును దానిని నిషేధింపలేదు, ఎవ్వరును మఱచిపోవలెనని తలఁపలేదు. లెక్క కుదరక పోయినది.

కమ్మరి యీ స్థితికి లొంగియు లొంగక యొక యుపాయమును గనిపెట్టెను. లారీల క్రింది కమానుపట్టెలు మంచి ఉక్కు. అవి విఱిగి పాతసామానుల యంగటికి వచ్చును. వానిని కోసి కాల్చి సాగఁదీసి కొడవళ్లును కత్తులును గొడ్డళ్లును జేయుట తెలుగుదేశమంతటను వ్యాపించినది. అఱిగిన యాకురాయి ఉలిగా మాఱుటయు నట్టిదే. ఆకురాతి యుక్కు కర్బనములో మూస ఉక్కునకు చేరువైనది. ఇవి ఒక దృష్టికి దారిద్ర్యచిహ్నములు. మఱొక దృష్టికి, పాతలోహమును చూచిన మాత్రాన దాని గుణమును గుర్తింపఁగల విద్య యింకను చావలేదనుటకు నిదర్శనములు. 2023లో కేంద్రప్రభుత్వ మారంభించిన విశ్వకర్మ పథకము కమ్మరులతోసహా 18 వృత్తులవారికి పనిముట్లకై పదునైదువేల రూపాయల వఱకు సాయము చేయుచున్నది. అది క్రొత్త పనిముట్లకు. పాతదానికి ఉక్కు వేయించు రైతుకు గాని, వేయు కమ్మరికి గాని అట్టి సాయము నీయవలెననుట యింకను ఎవరికిని తోఁచినట్లు లేదు.

విపణిలో నొక పనిముట్టు మాత్రము చట్టముచేతనే బాగుచేయఁబడుచున్నది. అది త్రాసు. 2009 నాఁటి తూనిక కొలతల చట్టము ప్రకారము త్రాసులను తూకపుఱాళ్లను చేయువానికి, అమ్మువానికి వలెనే బాగుచేయువానికిఁగూడ అనుమతిపత్రము వలయును. ఇనుప తూకపుగుండు క్రింద చిన్న గుంటలో సీసము పోసి యుండును. గుండు అఱిగి తేలికయైనచో సీసము చేర్చి సరిచేసి, అధికారి దానిమీఁద ముద్ర వేయును. రైతు మిర్చిబస్తా తూఁగు చోట అఱుగుదలను లెక్కింపకపోయినచో నష్టమెవరిదో యందఱికిఁ దెలియును గనుక బాగుచేయువానికి చట్టమున పేరు దొరకినది. ఆ మిర్చిమడిలో కలుపుతీసిన తొలిక యఱుగుదలకు లెక్క లేదు.

ఇపుడు ఎనుమాముల చుట్టుపట్టుల నైనను, తెలంగాణపు ఏ పల్లెనైనను పాతయిండ్ల అటకలమీఁద మిగిలిన పాత గొడ్డళ్లు, బాడిసలు, కఱ్ఱులు పాతయినుము కొనువాని తక్కెడకెక్కుచున్నవి. అక్కడనుండి అవి విద్యుత్కొలుములకుఁ బోయి యిండ్లకప్పుల కడ్డీలగును. కొలిమిలో నొక్కొక్క వాయి పోవుట ప్రతిచేయుటవంటిది. ఇది మూలమును, ప్రతిని, వ్రాయసకాని నొక్కసారిగాఁ గోలుపోవుటవంటిది. చిట్టెపు దిబ్బలను పరిశోధకులు చూచిరి. అవి ఉక్కు ఎచ్చట పుట్టినదో చెప్పును. అది పల్లెలో నేమైనదో చెప్పవలసినవి ఈ యంచులే.

వానిని సేకరించుట కష్టము కాదు. బరువు, పొడవు, అతుకు కనఁబడుచోటు, కామ చెట్టు పేరు, యజమాని దానినిఁ బిలుచు మాట, కమ్మరి దాని యవయవములకు వాడు మాటలు వ్రాసికొనవలయును. ఈ మాటలలో నిఘంటువుల కెక్కనివి పెక్కు. బడిపంతుళ్లు తమ విద్యార్థులచేత నొక్కొక్క యూరిలో నొక్కొక్క కొలిమిని వ్రాయించినను మేలైన సామగ్రి యగును. లోహశాస్త్రజ్ఞులకు కావలసినది మఱి స్వల్పము. అంచునుండి తీసిన తునుకను నునుపుచేసి, ఆమ్లము తగిలించి సూక్ష్మదర్శినిలోఁ జూచినచో అది మూస ఉక్కో, కొలిమి ఉక్కో, రైలుమీఁద వచ్చిన సీమ ఉక్కో చాలవఱకు తేలును. ఒకే గొడ్డలిలో మేను ఒక కాలపుదియు, వాయి మఱొక కాలపుదియు ననియు తేలవచ్చును.

ఇందుకై గొడ్డలిని గాజుపెట్టెలో పెట్టనక్కఱలేదు, రైతు చేతినుండి లాగికొనను అక్కఱలేదు. క్రొత్త ఉక్కు వేయించుటకు వచ్చిననాఁడు, పాత వాయిని కమ్మరి యెటులును కోసివేయును. ఆ కోసిన వాయిలో గోరంత తునుకను, ఊరి పేరుతోను తేదీతోను ఒక కాగితమున చుట్టి యుంచినఁ జాలును. గొడ్డలి పనికిఁ బోవును.